చీరను గీయుట: వేషచిత్రణమున స్వీయశైలి

(చిత్రకారుడు బాపు స్మృత్యర్థము శామీర్‌పేటలో చదివిన ఉపన్యాసపాఠము)



1933 డిసెంబరు 15న జన్మించి 2014 ఆగస్టు 31న చెన్నపట్టణమున అస్తమించిన సత్తిరాజు లక్ష్మీనారాయణగారిని, అనగా తెలుగువారందరి బాపును, స్మరించుకొను సభలలో ఆయన చలనచిత్రములను గురించియో, వ్యంగ్యచిత్రములను గురించియో, జీవితమంతయు ఆయనను విడువని రామాయణమును గురించియో ప్రసంగించుట పరిపాటి. ఆ విషయములందు నాకంటె అధికారము గలవారు ఇదివరకే చాల చెప్పియున్నారు, ఇకముందును చెప్పగలరు. నేను నేడు ఎన్నుకొన్న విషయము వానికంటె చిన్నది, కాని నా దృష్టిలో అంత తేలికయైనది కాదు: అది ఆయన బొమ్మలోని స్త్రీ కట్టుకొన్న చీర. ఫ్యాషన్ చిత్రణమను పేర నేడు కళాశాలలలో పాఠముగా చెప్పబడుచున్న విద్యను అభ్యసించు యువతీయువకులు, కొంత చేయి తిరిగిన పిమ్మట, అందరును ఒకేవిధముగ గీయుచున్నామన్న దిగులు కలిగి, తమకంటూ ఒక శైలి ఎట్లేర్పడునని పెద్దలను ప్రశ్నించుట నేనెరుగుదును. ఆ ప్రశ్నకు ఉత్తరమును పారిస్ నగరపు పత్రికలలో వెదకుటకు ముందు ఈ చీరలో వెదకవలెనని నా మనవి.

ఫ్యాషన్ చిత్రము కుట్టుపనివాని కొలతల పటము కాదు. ఆ పటమునకు కచ్చితత్వము చాలును; చిత్రమునకు మాత్రము వస్త్రమును ధరించిన మనిషి నిలిచినపుడు, నడచునపుడు, వెనుదిరిగి చూచునపుడు ఆ వస్త్రము ఏమగునో చెప్పవలసిన భారము గలదు. పారిస్‌లో పాల్ ప్వారే అను ప్రసిద్ధ వస్త్రశిల్పి 1908లో పాల్ ఇరీబ్ చేతను, 1911లో జార్జ్ లెపాప్ చేతను తన దుస్తులకు చిత్రసంపుటములు వేయించిన నాటినుండి ఈ విద్యకు ప్రత్యేకమైన గౌరవము లభించినది. 1912 మొదలు 1925 వరకు వెలువడిన గజెట్ ద్యు బోన్ తోన్ పత్రిక ఆ గౌరవమునకు పరాకాష్ఠ. 1932లో వోగ్ పత్రిక రంగుల ఛాయాచిత్రమును ముఖపత్రముపై ముద్రించిన పిదప చిత్రకారుని పీఠమును క్రమక్రమముగ ఛాయాగ్రాహకుడు ఆక్రమించెను. మన దేశమునను ఈ విద్య గలదు, కాని దానికి ఆ పేరు లేకుండెను. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయమునుండి వెలువడిన పటములు దేవతామూర్తులతోపాటు చీరకట్టును సైతము ఇంటింటికిని చేర్చినవి. కొల్హాపూరులో పుట్టిన భాను అథయ్య, బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, ఈవ్స్ వీక్లీ పత్రికకు దుస్తుల బొమ్మలు గీయుచు, ఆ గీతలనుండి దుస్తుల రూపకల్పనకును, అచ్చటినుండి చలనచిత్రములకును వచ్చి, 1983లో గాంధీ చిత్రమునకుగాను ఆస్కారు బహుమానమును జాన్ మొల్లోతో పంచుకొనెను. పత్రికాచిత్రకారిణిగా ఆమె బ్రతుకు ప్రారంభమైనదన్న సంగతి, ఆమెను కొనియాడువారిలో పెక్కురు మరచుచుందురు.

తెలుగుదేశమున ఆ కాలమందు ఫ్యాషన్ పత్రికయను ప్రత్యేకమైన వస్తువు లేదు. దాని అవసరమును ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, యువ, జ్యోతి మొదలైన పత్రికలలోని కథలకును ధారావాహిక నవలలకును వేసిన బొమ్మలే తీర్చుచుండెను. కథలోని నాయిక కష్టములను చదివి కంటతడి పెట్టిన గృహిణి, ఆ పుటలోనే ఆ నాయిక రవికచేతులు మోచేతివరకు ఉన్నవో, భుజముకడనే ఆగినవో గమనింపక మానలేదు. ఇది కొంటెమాటగా తోచవచ్చును, కాని యథార్థము. అంతేకాదు, గీసిన బొమ్మను బ్రతికియున్న ఆడపిల్లకు కొలబద్దగా పెట్టి, ఎవరైన చక్కని పిల్ల కనబడినచో బాపు బొమ్మవలె నున్నదనుట జాతికి అలవాటైనది. ప్వారే గాని, వోగ్ గాని తమ చిత్రకారులకు సంపాదించిపెట్టలేని కీర్తి యిది. ఏ విద్యచేత ఆయన దానిని సంపాదించెను?

ఇచ్చట కొలతల విషయమును కొంత నిదానముగ పరిశీలింపవలెను. నిజమైన మనుష్యుని యెత్తు అతని శిరస్సుకు ఏడున్నర రెట్లు. ఫ్యాషన్ విద్యాలయములలో మొట్టమొదట నేర్పు క్రోకీ యను దేహరేఖ తొమ్మిది శిరస్సులు, ఒక్కొక్కప్పుడు పది. అదనముగ వచ్చిన యెత్తును దాదాపు అంతయు కాళ్లకే పంచిపెట్టుదురు. మన శిల్పశాస్త్రములలోని నవతాలమునకును దీనికిని సంఖ్యలో సామ్యమున్నదని చూచి, పూర్వులును ఇదే చేసిరని కొందరు సంతోషించుచున్నారు గాని, ఆ సంతోషము తొందరపాటు. తాలమనగా గడ్డము మొదలుకొని నుదుటిపై కేశముల ఆరంభము వరకు గల ముఖప్రమాణము, పండ్రెండు అంగుళములు. అట్టివి తొమ్మిదియైనచో 108 అంగుళములు. విష్ణుధర్మోత్తరము హంసజాతి పురుషునికి విధించిన కొలతయు నిదే. ఈ అంగుళము విగ్రహమును బట్టి మారు మానముగాని దర్జీ టేపులోనిది కాదు. ముఖముకంటె శిరస్సు పెద్దది గనుక, తొమ్మిది తాలముల దేహము సహజమానవుని దేహమునకు సమీపముననే యుండును. తొమ్మిది శిరస్సుల దేహము మాత్రము లోకములో లేనిది.

లోకములో లేనిదైనంత మాత్రమున దోషము లేదు, కళయంతయు అట్టిదే. చిక్కు వేరొకచోట నున్నది. గౌను దేహమునకు తగినట్లు కత్తిరించి కుట్టునది గనుక, కాళ్లు ఎంత పొడవైనను దానితో గౌనును పొడిగించుకొనవచ్చును, చూపరికి వెలితి కనబడదు. చీర అట్టిది కాదు. దాని పొడవు అయిదున్నర మీటర్లు గాని, అంతకు మించి గాని యుండవచ్చును; దాని వెడల్పును మాత్రము మగ్గమే నిర్ణయించినది, అది దర్జీ టేపు కొలతలో నలువదియైదు మొదలు నలువదియెనిమిది అంగుళములు. నడుము మొదలు పాదము వరకు దిగునది ఆ వెడల్పే. తొమ్మిది శిరస్సుల స్త్రీకి ఆ చీరను కట్టబెట్టిన విద్యార్థి, తనకు తెలియకయే రెండు పనులలో ఒకటి చేయుచున్నాడు: చీరను కాలిమడమకు పైననే ఆపివేయుచున్నాడు, లేదా ఏ మగ్గముపైనను నేయరాని వెడల్పుగల చీరను సృష్టించుచున్నాడు. అంచునకును మధ్యభాగమునకును గల నిష్పత్తి చెడును. కుచ్చిళ్లు సన్ననై తెరలవలె వ్రేలాడును. గద్వాల చీరయు వెంకటగిరి చీరయు ఒక్కటే యగును. పెక్కుమంది విద్యార్థుల బొమ్మలు ఒక్కపోలికగ నుండుటకు కారణము వారి చేతిలో లేదు, చీరకు కుదురని దేహమును ముందుగా గీసికొనుటలో నున్నది.

అందమైన స్త్రీని కొంచెము సాగదీసి గీయవలెనన్న కోరిక బాపునకును లేకపోలేదు. కాని ఆయన ఆ సాగుదలను కాళ్లలో పెట్టలేదు, జడలో పెట్టెను. పిరుదులు దాటి, ఒక్కొక్క బొమ్మలో మోకాళ్లను సైతము దాటి, గాలిలో వంపు తిరిగి, బొమ్మకు ఒకవైపు నిలువుగీతయై నిలుచు ఆ జడవలన స్త్రీ పొడవుగ కనబడును. చీర మాత్రము తన సహజమైన కొలతను విడువక నడుమునుండి పాదమునకు నిబ్బరముగ దిగును. ఇక ఆ చీరను ఎన్ని గీతలతో గీసెనో చూడుడు. నడుముకడ కుచ్చిళ్లు దోపినచోట దగ్గరదగ్గరగ మూడునాలుగు గీతలు బయలుదేరి, దిగినకొలది విడిపోయి, పాదముకడ కొన్ని అంతరించును. తొడమీద వస్త్రము ఒరసికొన్నచోట గీత లేదు, తెల్లని కాగితమే వస్త్రము. పైట భుజముపై నిలిచినచోట ఒక కోణము; అచ్చటినుండి వెనుకకు జారినచోట ఒకే రేఖ; అంచునకు జంటగీతయు, దానినడుమ కొన్ని చుక్కలును. వస్త్రము దేహముమీద ఏ యే తావులయందు ఆధారము గొనుచున్నదో, అనగా భుజము, నడుము, వంచిన మోచేయి, ముందునకు వేసిన మోకాలు, ఆ తావులనే ఆయన గీసెను. వానినడుమ ముడతలను చూపరి మనస్సుకు విడిచిపెట్టెను. ఏ గీతను విడువవచ్చునో తెలియుటకు ఉన్న గీతలన్నియు ముందు తెలిసియుండవలెను. బాపు శైలియని మనము పిలుచునది ఆయన గీసిన దానికంటె విడిచిపెట్టిన దానిలోనే ఎక్కువగ నున్నది.

1955లో మద్రాసు విశ్వవిద్యాలయమునుండి న్యాయశాస్త్రపట్టమును పొంది, న్యాయస్థానముల వైపు పోక, పత్రికలలోను, కొంతకాలము వ్యాపారప్రకటనల సంస్థలలోను పనిచేసిన మనిషి ఆయన. ప్రకటనల పని కళాకారుని పాడుచేయునని మన పెద్దలకొక అనుమానము. బాపు విషయమున అది మేలే చేసినదని నేను తలంచెదను. ఏలనన, అచ్చట స్థలము కొలిచి యిత్తురు, గడువు తప్పరాదు, వస్తువు మొదటిచూపుననే తెలియవలెను. పొదుపు అచ్చట గుణము కాదు, నిర్బంధము. ఇక గురుత్వ విషయము: ఆనందవికటన్ పత్రికకు గీసిన తమిళ చిత్రకారుడు గోపులుపై తనకుగల గురుభావమును బాపు ఏనాడును దాచలేదు. ఒకరినుండి నేర్చుకొన్నచో సొంతదనము పోవునని భయపడు విద్యార్థులు దీనిని గమనింపవలెను. తుదకు ఆయన చేతివ్రాత సైతము ముద్రణాక్షరములుగ మారి, నేడు పెండ్లిపత్రికలపైనను పుస్తకముల అట్టలపైనను కనబడుచున్నది; ఆ అక్షరముల తలకట్టును, ఆ స్త్రీల కొంగును గీసినది ఒకే మణికట్టు తిరుగుడని పోల్చుకొనుటకు పాండిత్యము అక్కరలేదు.

ఇంతమాత్రమున పొదుపే శైలియని భావింపరాదు. బాపునకు పండ్రెండేండ్లు పెద్దవాడు, 1921లో శ్రీకాకుళమున జన్మించిన వడ్డాది పాపయ్య, చందమామకును యువకును ముఖచిత్రములు వేసి, వపా యను పొట్టి సంతకముతో ఇంటింటను పరిచితుడైన మహానుభావుడు, దీనికి పూర్తిగా ఎదురు దారిని నడచెను. ఆయనకు గీతతో నిమిత్తము తక్కువ. రంగే ఆయన వస్త్రము. పలుచని చీరలోనుండి దేహచ్ఛాయ తొంగిచూచుట, ఎండ తగిలినచోట బట్టరంగు ఒకటియు నీడలో మరియొకటియు నగుట, నగల మెరుపు బట్టపై పడుట, వీనియందే ఆయన దృష్టి. బాపు కాగితమును తెల్లగ విడుచునట్లు వపా విడువడు, అణువణువును నింపును. అయినను ఆయన బొమ్మను సంతకము చూడకయే గుర్తింతుము. బాపు వస్త్రము యొక్క బరువును చూచెను. వపా వస్త్రము యొక్క పలుచదనమును చూచెను. చూపులో తేడా వచ్చినది గనుక చేతిలో తేడా వచ్చినది. ఈ క్రమము తారుమారైనప్పుడే, అనగా చూపు మారకుండ చేతిని మాత్రము మార్చబూనినప్పుడే, శైలి వేషముగ దిగజారును.

ఇక మనము కూర్చున్న ఈ తావును గురించి. శామీర్‌పేట ప్రక్కగా పోవు రాజీవ్ రహదారి సిద్దిపేట మీదుగ కరీంనగరు చేరుచున్నది. పూర్వపు కరీంనగరు జిల్లాలోని బూరుగుపల్లిలో 1942లో జన్మించిన తోట వైకుంఠం, హైదరాబాదు లలితకళా కళాశాలలో చదివి, పిమ్మట బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ సన్నిధిని శిక్షణ పొంది, తుదకు ఎక్కడికి వచ్చెను? తన ఊరి ఆడవారి చీరల దగ్గరకు. బాల్యమున తన పల్లెకు వచ్చు నాటకసమాజములలో పురుషులు స్త్రీవేషములు ధరించుట తన్ను మిక్కిలి ఆకర్షించినదని ఆయనయే చెప్పియున్నాడు. ఇది వేషచిత్రకారునికి గొప్ప పాఠశాల. పురుషుడు చీర కట్టి స్త్రీగ కనబడవలెనన్నచో స్త్రీత్వమంతయు బట్టలోను, బొట్టులోను, నగలోను, నిలుచు తీరులోను రావలెను గదా! వైకుంఠం స్త్రీలు పటమంతయు నిండియుందురు. ఎర్రని, పసుపుపచ్చని బట్టలు, పెద్దబొట్టు, ముక్కున నగ, దట్టమైన అంచు. ఆయనకు ముడతలపై మోజు లేదు. చీరను విస్తీర్ణముగ, రంగు పొలముగ పరచివేయును. బాపు చీర నడచును. వైకుంఠం చీర కూర్చుండును. కోస్తా మధ్యతరగతి యింటి పలుచని నూలుచీరను గీయుటకు పుట్టిన గీతతో తెలంగాణ పల్లెలోని ముతకనేతను గీయబూనినచో అది అబద్ధమగునని ఆయన గ్రహించెను. బొగ్గుతో నలుపుతెలుపులలో గీసిన దినములు దాటి ఆయన ఈ రంగులకు వచ్చుటకు చాలకాలము పట్టినదన్న విషయమును తొందరపడు విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను.

బి. నరసింగరావుగారి దాసి చలనచిత్రమునకు కళాదర్శకుడు ఈ వైకుంఠమే. దుస్తుల రూపకర్త పిట్టంపల్లి సుదర్శన్, ఆయనయు చిత్రకారుడే. 36వ జాతీయ చలనచిత్ర పురస్కారములలో ఇరువురికిని వారివారి శాఖలలో బహుమానములు లభించినవి. గడీలో పనిచేయు దాసి కట్టిన బట్టను చూపుట మహారాణి పట్టుచీరను చూపుటకంటె కష్టము. పలుమారు ఉదికి, ఎండి, నలిగి, ఒంటికి అలవాటుపడిన బట్ట ఎట్లు వ్రేలాడునో తెలియనివాడు ఆ పనికి పూనుకొనరాదు. ఫ్యాషన్ పాఠములలో కొత్తబట్టకే గాని పాతబట్టకు చోటులేకపోవుట నాకు పెద్దలోపముగ కనబడుచున్నది.

ఈ రహదారిపైనే సిద్దిపేటలో, కాపు రాజయ్యగారి వంటి చిత్రకారుని కన్న ఊరిలో, మరియొక వింత గలదు. అచ్చటి నేతగాండ్రు నూలుచీర కొంగునందును అంచునందును నెత్తిన చల్లకుండ గల గొల్లభామను అదనపు పేకతో నేయుదురు. ఆ గొల్లభామ చీరలకు భౌగోళిక గుర్తింపును లభించినది. చీర కట్టుకొన్న స్త్రీ బొమ్మ చీరలోనే యుండుట! మగ్గముపై వంపుగీత యుండదు, పోగు వెంట మెట్లుమెట్లుగనే పోవలెను. ముఖకవళికలు లేవు, ముడతలు లేవు. అయినను కుండ యెత్తిన మెడ నిబ్బరము, నడుము ఒక ప్రక్కకు ఒరుగుట, పావడ ఘేరు, ఇవి ఎంత దూరమునుండి చూచినను తప్పక తెలియును. ఆ నేతగాడు శైలికొరకు తపస్సు చేయలేదు. పోగులు ఒప్పుకొన్నంత వరకు గీసెను, ఒప్పుకొననిదానిని విడిచెను. నా దృష్టిలో మన ప్రాంతపు ఫ్యాషన్ చిత్రములలో ఇది అత్యుత్తమము.

కావున విద్యార్థులకు నేను చెప్పునది ఆచరణకు సంబంధించినది. మాదాపూరులో 1995నుండి జాతీయ ఫ్యాషన్ సాంకేతిక విద్యాసంస్థ గలదు, ఇతర కళాశాలలును అనేకములు వెలసినవి. వానిలో క్రోకీ నేర్పుదురు, నేర్చుకొనుడు. అది ఒక పనిముట్టు, దానిపై నాకు పగ లేదు. కాని చీర గీయవలసివచ్చినపుడు దేహముతో మొదలు పెట్టకుడు, బట్టతో మొదలుపెట్టుడు. ఒక పోచంపల్లి నూలుచీరను, ఒక గద్వాల చీరను, ఒక నారాయణపేట చీరను ప్రక్కప్రక్కగ దండెముపై వేసి గీయుడు. పోచంపల్లిలో పోగులను ముందుగా కట్లుకట్టి రంగులో ముంచి నేయుదురు గనుక నమూనా అంచులు కొంచెము చెదరియుండును. దానిని గట్టిగీతతో చుట్టినచో అది అచ్చువేసిన బట్టయగును గాని పోచంపల్లి కాదు. గద్వాలలో నూలు మైభాగమునకు పట్టుఅంచు జతపడియుండును గనుక అంచు బరువునకు మైభాగము లాగుడుపడును. ఆ లాగుడును పట్టిన గీత మరియొక చీరకు పనికిరాదు. పిమ్మట మనుష్యులను గీయుడు. ఈ ఊరి చెరువుగట్టుపైనున్న కట్టమైసమ్మకు బోనమెత్తుకొని పోవు స్త్రీని చూడుడు. తలపై బోనము, దానికి అడ్డుపెట్టిన ఒక చేయి, పైకెత్తిన ఆ చేతివలన పైట లాగుకొని ఒక ప్రక్కన బిగియును, రెండవ ప్రక్కన సడలును. ఈ పరిసరముల రిసార్టులలో పెండ్లికి ముందటి ఫొటోలకై నేలమీద జీరాడు గౌన్లను తగిలించుకొని నిలుచువారిని సైతము గీయుడు. అదియు నేటి వేషమే, దానిని గీయకుండుట బడాయి.

అనుకరణమును గురించి ఒక్కమాట. బాపు కన్నును, జడను, చుక్కబొట్టును అనుకరించినవారు తెలుగునాట లెక్కలేనంతమంది. వారి బొమ్మలలో చీర మాత్రము అట్టముక్కవలె నుండుట మీరు చూచియే యుందురు. ఫలమును తీసికొని కారణమును విడుచుటవలన కలిగిన దుర్గతి యిది. దీనికి భిన్నముగ, ప్యూర్టోరీకోలో పుట్టి న్యూయార్కులో పెరిగిన ఆంటోనియో లోపెజ్ అను ఫ్యాషన్ చిత్రకారుడు కాలము మారినప్పుడెల్ల తన పద్ధతిని మార్చివైచెను. అయినను 1987లో మరణించువరకు ఆయన గీత ఆయనదిగనే తెలిసినది. పద్ధతి మారినను ఆయన చూపు మారలేదు. నేడు టాబ్లెట్టుపై గీయుచున్నారు, యంత్రమునకు చెప్పి గీయించుచున్నారు. పనిముట్లను గురించి వాదించుటకు నాకు ఉత్సాహము లేదు, చీర వెడల్పు తెలియనివానికి ఏ పనిముట్టును ఆ లోపమును తీర్చదు.

తుదకు ఒక విన్నపము. యాబదేండ్లపాటు తెలుగు స్త్రీపురుషులు ఏమి కట్టిరో, ఎట్లు కట్టిరో, ఆ కట్టు ఏయేటికి ఎట్లు మారినదో తెలియజేయు సాక్ష్యము ఆ పాత వార, మాసపత్రికల బొమ్మలలోనే గలదు. ఆ సంచికలు నేటికిని మన యిండ్ల అటకలపై కట్టలుగ పడియుండి, ఇల్లు మారినప్పుడెల్ల పాతకాగితముల వానికి తూకమునకు పోవుచున్నవి. మీ యింటనున్న కట్టను అమ్మివేయుటకు ముందు, దయచేసి ఒక గ్రంథాలయమునకో, చిత్రకళ నేర్చుకొను ఒక విద్యార్థికో ఇండు. ఇచ్చుటకు మనసొప్పనిచో, బొమ్మలుగల పుటలనైన ఫొటో తీసికొననిండు.